పాత్ర లేని హీరో: పునీత్ రాజ్‌కుమార్ బుల్లితెర, నిర్మాణం, అడవి సినిమా

సంక్షిప్తంగా

కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ ప్రధానంగా కనిపించిన చివరి చిత్రం ‘గంధద గుడి’. అది కథాచిత్రం కాదు, కర్ణాటక ప్రకృతి మీద తీసిన డాక్యుమెంటరీ. వాణిజ్య సినిమాల అగ్రహీరో ఒకరు ఇలాంటి ప్రయత్నానికి ఎలా వచ్చారన్నది ఈ వ్యాస విషయం. టీవీ వ్యాఖ్యాతగా పనిచేసిన అనుభవం, సొంత నిర్మాణ సంస్థ, చాలాకాలం డబ్బింగును దూరంగా ఉంచిన కన్నడ మార్కెట్, బెంగళూరు చుట్టూ ఎదిగిన వన్యప్రాణి ఛాయాగ్రాహకుల వర్గం కలిసి ఈ చిత్రానికి దారి వేశాయి. చిత్రం సాధించినదేమిటో, దాని పరిధికి అందనిదేమిటో కూడా చివర చర్చకు వస్తాయి.

ఎందుకీ అయోమయం

బెంగళూరులో ఉండే తెలుగువారికి పునీత్ ముఖం కొత్తది కాదు. మారతహళ్ళి నుంచి మెజెస్టిక్ వరకు ఏ కూడలిలో చూసినా, ఆటోల వెనుక అద్దాల మీద చూసినా ఆ చిరునవ్వు కనిపిస్తూనే ఉంటుంది. 2025 మార్చిలో, ఆయన 50వ జయంతి సందర్భంగా ‘అప్పు’ మళ్ళీ థియేటర్లకు వచ్చినప్పుడు, అది మన ‘ఇడియట్’కు మూలమని తెలుగు ప్రేక్షకులకు వేరే చెప్పనక్కరలేకపోయింది. ‘గంధద గుడి’ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలామందికి స్పష్టత ఉండదు. పునీత్ తండ్రి రాజ్‌కుమార్ నటించిన 1973 నాటి అదే పేరున్న చిత్రానికి ఇది రీమేక్ అనుకునేవారున్నారు. పునీత్ మరణించాక పాత దృశ్యాలను కూర్చి విడుదల చేసిన నివాళి అనుకునేవారూ, కర్ణాటక పర్యాటక శాఖ ప్రచార చిత్రం అనుకునేవారూ ఉన్నారు.

ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. ఆయన బతికి ఉండగానే, తన సొంత సంస్థ మీద, తానే కావాలనుకుని చేసిన చిత్రమిది. 2021 నవంబర్ 1న, రాష్ట్ర అవతరణ దినమైన కర్ణాటక రాజ్యోత్సవం నాడు దీని వివరాలు ప్రకటించాలని సిద్ధమవుతుండగా, అంతకు మూడు రోజుల ముందు, అక్టోబర్ 29న, 46 ఏళ్ళ వయసులో గుండెపోటుతో ఆయన కన్నుమూశారు. టీజర్ డిసెంబర్ 6న వచ్చింది, చిత్రం 2022 అక్టోబర్ 28న విడుదలైంది. మరణం వల్ల ఈ చిత్రానికి ఆదరణ పెరిగిన మాట వాస్తవమే గానీ, దీని పుట్టుకకు కారణాలను అంతకుముందు నాలుగు దశాబ్దాల వృత్తి జీవితంలో వెతకాలి.

బెట్టద హూవు

పునీత్ 1975 మార్చి 17న మద్రాసులో పుట్టారు. దక్షిణాది సినిమా అంతా ఆ ఊరి స్టూడియోల మీదే ఆధారపడిన రోజులవి. రాజ్‌కుమార్, పార్వతమ్మ దంపతుల ఐదుగురు సంతానంలో ఆయనే చివరివారు. ఏడాది తిరిగేసరికి ‘ప్రేమద కాణికె’లో పసిబిడ్డగా తెరకెక్కారు. 1982లో ‘భాగ్యవంత’ కోసం ఆయన పాడిన పాటను కన్నడ దేశంలో ఇప్పటికీ పాడుకుంటారు. బాలనటుడిగా ఆయనకు జాతీయ పురస్కారం తెచ్చింది మాత్రం 1985లో వచ్చిన ‘బెట్టద హూవు’.

ఎన్. లక్ష్మీనారాయణ దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రంలో రాము అనే పేద పిల్లవాడు కొండలెక్కి, చెట్ల కొమ్మలను అంటిపెట్టుకుని పూసే ఆర్కిడ్ పూలను సేకరించి, వాటి మీద ఆసక్తితో అక్కడికి వచ్చిన ఒక విదేశీ మహిళకు అమ్ముతుంటాడు. కన్నడ మహాకవి కువెంపు రాసిన రామాయణ కావ్యాన్ని కొనుక్కోవాలని అతని ఆశ. ఆ పూలేవో, ఎక్కడ దొరుకుతాయో ఆమెకు తెలియదు. పిల్లవాడికి తెలుసు. చదువుకున్న మనిషి అడగడం, అడవి అంచున బతికే మనిషి చెప్పడం అన్న ఈ సంబంధాన్ని గుర్తుంచుకోవాలి. దాదాపు 35 ఏళ్ళ తర్వాత ‘గంధద గుడి’ మొత్తం ఇదే సంబంధం మీద నడుస్తుంది.

అడవితో ఈ కుటుంబానికి మరో రకమైన అనుభవమూ ఉంది. 2000 జూలై 30న గాజనూరులోని తోట ఇంటి నుంచి రాజ్‌కుమార్‌ను వీరప్పన్ ముఠా ఎత్తుకుపోయి 108 రోజులు అడవుల్లో తిప్పింది. ఆ మూడున్నర నెలలూ బెంగళూరు ఊపిరి బిగబట్టి గడిపింది. కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవి అంటే గంధపు చెక్కల దొంగల రాజ్యమే అన్న భయం ఆ రోజుల్లో సామాన్య జనంలో ఎంత బలంగా ఉండేదో ఇప్పటి తరానికి ఊహించడం కష్టం.

రీమేకుల మార్కెట్‌లో హీరో

పునీత్ హీరోగా వచ్చిన తొలి చిత్రం 2002 నాటి ‘అప్పు’. దర్శకుడు పూరి జగన్నాథ్. అదే ఏడాది అదే కథ రవితేజతో ‘ఇడియట్’ అయింది, మరుసటి ఏడాది తమిళంలో ‘దమ్’ అయింది. ఆ తర్వాత కథలు ఎక్కువగా తెలుగు నుంచి కన్నడకు ప్రయాణించాయి. ‘అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి’ 2004లో ‘మౌర్య’గా, ‘ఒక్కడు’ 2006లో ‘అజయ్’గా, ‘రెడీ’ 2009లో ‘రామ్’గా, ‘దూకుడు’ 2014లో ‘పవర్’గా మారాయి. 2004లో ‘వీర కన్నడిగ’, ‘ఆంధ్రావాలా’ ఒకే కథతో రెండు భాషల్లోనూ తయారయ్యాయి.

ఇన్ని రీమేకులు రావడానికి కారణం కథల కొరత ఒక్కటే కాదు. పరభాషా చిత్రాలను కన్నడలోకి డబ్బింగ్ చేయకూడదన్న కట్టుబాటు పరిశ్రమలో 1960ల నుంచీ ఉండేది. చట్టంలో ఎక్కడా లేకపోయినా, నిర్మాతల, కళాకారుల, ప్రదర్శకుల సంఘాలు కలిసి దాన్ని అమలు చేసేవి. కాబట్టి తెలుగులో ఆడిన సినిమా కన్నడలో కనిపించాలంటే మళ్ళీ తీయడమొక్కటే మార్గం. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఈ అప్రకటిత నిషేధం పోటీ చట్టానికి విరుద్ధమని తేల్చి, సంబంధిత సంఘాలకు జరిమానా విధించింది. అప్పటి నుంచి పరిస్థితి మెల్లగా మారింది.

ఈ కట్టుబాటు వల్ల స్థానిక సాంకేతిక నిపుణులకు పని దొరికిందన్నది నిజం. దాని మరో ఫలితం గురించి తక్కువ చర్చ జరిగింది. డిస్కవరీ వంటి చానళ్ళు 2010 దశకం మొదట్లోనే తెలుగు, తమిళ భాషల్లో వినిపించసాగాయి. బెంగళూరులో ఒకే అపార్ట్‌మెంట్‌లో పక్కపక్క ఇళ్ళలో ఉన్న పిల్లల్లో తెలుగు పిల్లవాడు పులి వేటను తన ఇంటి భాషలో వినగలిగేవాడు. కన్నడ పిల్లవాడు ఇంగ్లీషులోనో హిందీలోనో వినాల్సి వచ్చేది. సుమారు ఆరు వేల ఏనుగులు, ఐదు వందలకు పైగా పులులు ఉన్న రాష్ట్రంలో, ఆ రాష్ట్ర భాషలో వన్యప్రాణి చిత్రం దొరకడం అరుదుగా ఉండేది. ‘గంధద గుడి’ పూరించాలని చూసిన ఖాళీ ఇదే.

హాట్ సీటుకు ఎదురుగా

2012లో ‘కన్నడద కోట్యధిపతి’ వ్యాఖ్యాతగా పునీత్ బుల్లితెరకు వచ్చారు. హిందీలో 2000లో మొదలైన ‘కౌన్ బనేగా కరోడ్‌పతి’ పద్ధతినే దక్షిణాది భాషలకు విస్తరించిన ఏడాది అది. తమిళంలో సూర్య, మలయాళంలో సురేశ్ గోపి అదే ఏడాది ఆ కుర్చీలో కూర్చున్నారు. తెలుగులో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ నాగార్జునతో 2014లో మొదలైంది. ‘ఎవరు మీలో కోటీశ్వరులు’ పేరుతో ఎన్టీఆర్ 2021లో వచ్చారు.

ఇలాంటి కార్యక్రమాల్లో సెట్టు, దీపాలు, నేపథ్య సంగీతం, ప్రశ్నల మెట్లు, లైఫ్‌లైన్లు, విరామం ఎక్కడ ఇవ్వాలన్నదీ అన్నీ లైసెన్సు ఒప్పందంతో పాటే వస్తాయి. ఏ భాషలో చూసినా అవే ఉంటాయి. మారేది ఎదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు మాత్రమే. కాబట్టి కార్యక్రమం నిలవడమా, పడిపోవడమా అన్నది వ్యాఖ్యాత ఆ ఎదుటి మనిషితో ఎలా మాట్లాడతాడన్న దాన్ని బట్టే ఉంటుంది. చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన టీచరమ్మో, హుబ్బళ్ళి నుంచి వచ్చిన మెకానిక్కో తమ ఇంటి సంగతి చెబుతుంటే మధ్యలో అందుకోకుండా వినాలి. అవతలి మనిషి సంశయంలో ఉన్నప్పుడు ఆ మౌనాన్ని సాగనివ్వాలి. సరైన జవాబు వచ్చినప్పుడు తనకంటే వారికే ఎక్కువ చప్పట్లు పడేలా చూసుకోవాలి.

మాస్ సినిమా హీరోకు ఇది పూర్తిగా విరుద్ధమైన పని. సినిమాలో హీరో మాట్లాడితే మిగతా పాత్రలు వింటాయి, కెమెరా అతని ముఖం మీదికి వెళ్తుంది. క్విజ్ కార్యక్రమంలో కెమెరా ఎదుటి మనిషి చెమట మీదికి వెళ్తుంది. డైలాగు రాసిచ్చేవారు లేకుండా, పాత్ర పేరు లేకుండా, గంటల తరబడి తనలా తానే ఉండడం నటులందరికీ చేతకాదు. పునీత్‌కు అది చేతనైంది. 2013లో రెండో విడత, 2019లో కలర్స్ కన్నడలో మరో విడత చేశారు. మధ్యలో 2017లో ‘ఫ్యామిలీ పవర్’ అనే కార్యక్రమం నడిపారు. థియేటర్‌కు వెళ్ళని వయసు మహిళలు, పెద్దలు ఆయన్ను ఇంటి మనిషిలా చూడడం ఈ కాలంలోనే స్థిరపడింది. తర్వాత అడవిలో గిరిజనుల పక్కన, అటవీ సిబ్బంది పక్కన సాదా చొక్కాతో నిలబడి ప్రశ్నలు అడిగిన మనిషిని ప్రేక్షకుడు ఇబ్బంది లేకుండా ఒప్పుకోవడానికి ఈ అలవాటే ప్రధాన కారణమని చెప్పవచ్చు.

కన్నడంలో ఇలాంటి బహుముఖ ప్రయాణానికి ముందే ఒక ఉదాహరణ ఉంది. శంకర్ నాగ్ హీరోగా ఎంత బిజీగా ఉన్నా, 1980లలో దూరదర్శన్ కోసం ‘మాల్గుడి డేస్’ను పశ్చిమ కనుమల్లోని ఆగుంబెలో చిత్రీకరించారు. సొంత రికార్డింగ్ స్టూడియో కట్టారు. 1990లో రోడ్డు ప్రమాదంలో ఆయన చనిపోయేనాటికి 35 ఏళ్ళే. సినిమా సంపాదనను, పేరును మరో మాధ్యమంలో పెట్టుబడిగా వాడిన తీరు ఇద్దరిలోనూ ఒకటే. ఆగుంబె ఇద్దరి పనిలోనూ కనిపించడం యాదృచ్ఛికమే అయినా, ఆ ప్రాంతానికి కన్నడ ఊహలో ఉన్న స్థానాన్ని అది తెలియజేస్తుంది.

పీఆర్‌కే: తాను హీరో కాని సినిమాలు

రాజ్‌కుమార్ కుటుంబంలో నిర్మాణం తల్లి చేతిలో ఉండేది. వజ్రేశ్వరి సంస్థ ద్వారా పార్వతమ్మ దశాబ్దాల పాటు భర్త చిత్రాలను, తర్వాత కొడుకుల చిత్రాలను నిర్మించారు. ‘బెట్టద హూవు’, ‘అప్పు’ రెండూ ఆమె నిర్మించినవే. 2017 మే 31న ఆమె కన్నుమూశారు. అదే ఏడాది పునీత్ ప్రారంభించిన పీఆర్‌కే ప్రొడక్షన్స్ పేరులోని అక్షరాలు ఆమె పేరు నుంచే వచ్చాయి.

ఆ సంస్థ సినిమాల ఎంపిక ఆలోచింపజేస్తుంది. తొలి చిత్రం ‘కవలుదారి’ 2019లో వచ్చిన నేర పరిశోధన కథ. దర్శకుడు హేమంత్ రావు. అందులో పునీత్ హీరో కాదు. 2020లో ‘మాయాబజార్ 2016’ వచ్చింది. అదే ఏడాది జూలైలో, థియేటర్లు మూతపడి ఉన్న సమయంలో, ‘లా’, ‘ఫ్రెంచ్ బిర్యానీ’ వారం తేడాతో నేరుగా ప్రైమ్ వీడియోలో విడుదలయ్యాయి. ‘కవలుదారి’ 2021లో తెలుగులో సుమంత్‌తో ‘కపటధారి’ అయింది. పదేళ్ళ పాటు తెలుగు కథలను కన్నడకు తెచ్చిన హీరో ఇప్పుడు నిర్మాతగా ఒక కథను తెలుగుకు పంపాడన్నమాట.

దీని వెనుక లెక్క సూటిగానే ఉంటుంది. పెద్ద హీరో చిత్రంలో ఖర్చులో సింహభాగం పారితోషికానికి, పాటలకు, పోరాటాలకు పోతుంది. అది థియేటర్ల మొదటి వారాంతం వసూళ్ళ మీద ఆధారపడుతుంది. హీరో లేని చిన్న చిత్రానికి డిస్ట్రిబ్యూటర్ మినిమం గ్యారంటీ (వసూళ్ళతో నిమిత్తం లేకుండా ముందే హామీ ఇచ్చే సొమ్ము) ఇవ్వడు. సింగిల్ స్క్రీన్ యజమాని ఆటలు కేటాయించడు. ఓటీటీ సంస్థ మాత్రం కథను, నిర్మాత పేరును చూసి ముందే ధర మాట్లాడుతుంది. పునీత్ పేరు సమర్పకుడిగా ఉంటే అలాంటి చిత్రం మీద నమ్మకం కలుగుతుంది. తాను నటించే భారీ చిత్రాలను ఆయన ‘రాజకుమార’, ‘యువరత్న’ తీసిన హొంబాళె వంటి వేరే సంస్థలకు వదిలి, సొంత సంస్థను కొత్తవాళ్ళ కోసం ఉంచుకున్నారు. ఈ విభజన లేకపోతే, పాటలూ ఫైట్లూ లేని ప్రకృతి చిత్రానికి డబ్బు పెట్టే నిర్మాతను బయట వెతుక్కోవాల్సి వచ్చేది.

రెండు రకాల అడవి సినిమా

‘గంధద గుడి’ని అర్థం చేసుకోవాలంటే వన్యప్రాణి చిత్రాల్లో రెండు పద్ధతుల మధ్య తేడా తెలియాలి. మొదటి పద్ధతిలో మనిషి తెర మీద కనిపించడు. జంతువే కథానాయకుడు, వ్యాఖ్యానం వెనుక నుంచి వినిపిస్తుంది. రెండో పద్ధతిలో ఒక మనిషి అడవిలోకి వెళ్తాడు, ప్రేక్షకుడు అతని కళ్ళతో చూస్తాడు.

మొదటి పద్ధతికి కర్ణాటకలోనే పెద్ద ఉదాహరణ 2020 జనవరిలో థియేటర్లలో విడుదలైన ‘వైల్డ్ కర్ణాటక’. కర్ణాటక అటవీ శాఖ సహకారంతో నాలుగేళ్ళ పాటు చిత్రీకరించారు. ప్రకృతి చిత్రాల ప్రసిద్ధ బ్రిటిష్ వ్యాఖ్యాత డేవిడ్ అటెన్‌బరో ఇంగ్లీషు వ్యాఖ్యానం చెప్పారు. ఆ వ్యాఖ్యానానికి, చిత్రానికి జాతీయ పురస్కారాలు దక్కాయి. తెలుగు, తమిళ రూపాలకు ప్రకాశ్ రాజ్ గొంతు ఇచ్చారు. ఆ చిత్ర దర్శకుల్లో ముఖ్యులైన కల్యాణ్ వర్మ, అమోఘవర్ష సాఫ్ట్‌వేర్ రంగం నుంచి కెమెరా వైపు మళ్ళినవారు. బెంగళూరులో ఐటీ జీతం, ఐదారు గంటల దూరంలో కబిని, బండీపుర, 1980లో ప్రారంభమైన ప్రభుత్వ జంగిల్ లాడ్జెస్ అతిథిగృహాలు, నగరంలోనే ఉన్న పరిశోధన సంస్థలు కలిసి ఇలాంటివారి తరాన్ని తయారు చేశాయి. వారికంటే ముందు మైసూరుకు చెందిన కృపాకర్, సేనాని అడవి కుక్కల మీద ఏళ్ళ తరబడి పనిచేసి అంతర్జాతీయ చానళ్ళకు చిత్రాలు అందించారు. 1997లో వీరప్పన్ వారినీ అపహరించాడు. ఇంతటి నైపుణ్యం ఉన్నా, ఆ చిత్రాలు ముందు ఇంగ్లీషులో, విదేశీ చానళ్ళ కోసం తయారయ్యేవి.

అమోఘవర్ష దర్శకత్వం వహించిన ‘గంధద గుడి’ రెండో పద్ధతిది. ఈ పద్ధతిలో పని ఎలా సాగుతుందో కొంచెం దగ్గరగా చూస్తే దాని సౌలభ్యం, ఇబ్బంది రెండూ తెలుస్తాయి. అభయారణ్యంలో చిత్రీకరణకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. ఎన్ని వాహనాలు, ఎంతమంది మనుషులు, ఏ దారులు, ఏ వేళలు అన్నవి శాఖ నిర్ణయిస్తుంది. జంతువును దూరం నుంచి పొడవాటి టెలిఫోటో లెన్సుతో తీస్తారు. ఆ దూరంలో దాని శబ్దం సరిగ్గా రికార్డు కాదు కాబట్టి అడుగుల చప్పుడు, గడ్డి కదలిక చాలావరకు స్టూడియోలో తర్వాత చేరుస్తారు. మనిషి ఉన్న చిత్రంలో మాత్రం అతని ఊపిరి, చెప్పుల కింద ఎండుటాకుల చప్పుడు, గుసగుస అక్కడికక్కడే మైకులో పడతాయి. తెర మీద నిజమనిపించేది జంతువు కంటే ముందు ఆ గుసగుసే.

ఇంకో సమస్య సమయానిది. రాచనాగు (కింగ్ కోబ్రా) ఆడపాము రాలిన ఆకులను ఒంటితో లాక్కొచ్చి గూడు కట్టి, గుడ్లకు కాపలా కాస్తుంది. గూడు కట్టే పాము ఇదొక్కటే. ఆ దృశ్యం వేసవిలో కొన్ని వారాలు మాత్రమే దొరుకుతుంది. పెద్ద హీరో కాల్షీట్లు ఆ పాము వీలు చూసి దొరకవు. అందువల్ల ఇలాంటి చిత్రాల్లో హీరో ఉన్న రోజుల్లో తీసినవి, ఛాయాగ్రాహకులు వేరే కాలంలో ఓపికగా తీసినవి రెండూ కలిపి కూర్పు చేయాలి. హీరో చూపు ఒక షాట్, తర్వాతి షాట్‌లో జంతువు. ఈ అతుకు కనిపించకుండా చేయడమే ఎడిటర్ నేర్పు.

పునీత్ ఈ చిత్రంలో పునీత్‌గానే ఉంటారు. నాగరహొళె అడవి, ఆగుంబె వాన అడవి, నేత్రాణి దీవి దగ్గర సముద్రపు అడుగు వరకు సాగే ప్రయాణంలో ఆయనకు భయమేస్తుంది, ఆ భయాన్ని దాచుకోరు. పాము దగ్గర వెనక్కి తగ్గుతారు, నీళ్ళలో దిగే ముందు తటపటాయిస్తారు. పక్కనున్న దర్శకుడిని, అటవీ సిబ్బందిని, స్థానికులను అడుగుతారు. ‘బెట్టద హూవు’లో కొండ సంగతులు తెలిసిన పిల్లవాడిగా నటించిన మనిషి, ఇక్కడ ఆ విదేశీ మహిళ స్థానంలోకి వచ్చి, తెలిసినవారిని అడుగుతున్నాడు. అభిమానులు పూజించే హీరో తన అజ్ఞానాన్ని తెర మీద పెట్టుకోవడం దక్షిణాది తారా సంప్రదాయంలో అరుదైన పని. ఈ చిత్రానికి బలం కూడా అక్కడే ఉంది.

ఇదే కాలంలో వచ్చిన మరో నమూనాతో పోలిస్తే తేడా తెలుస్తుంది. 2020 జనవరిలో బండీపురలో చిత్రీకరించి మార్చిలో ప్రసారం చేసిన, బ్రిటిష్ సాహసికుడు బేర్ గ్రిల్స్ నడిపే టీవీ కార్యక్రమంలో రజనీకాంత్ పాల్గొన్నారు. అక్కడ అడవి మనిషి ధైర్యాన్ని పరీక్షించే మైదానం. వంతెన దాటడం, వాగు దాటడం ముఖ్యం. అడవిలో ఎవరు బతుకుతున్నారన్నది పక్కకు పోతుంది. అడవికి సంబంధించినంతవరకు పునీత్ ఎంచుకున్న పద్ధతే మేలైనది.

1973, 1977, 2022

రాజ్‌కుమార్ 150వ చిత్రం ‘గంధద గుడి’ 1973లో వచ్చింది. నటుడు ఎం.పి. శంకర్ దాన్ని నిర్మించారు. నటుడే నిర్మాతగా మారి అడవి కథకు డబ్బు పెట్టిన సందర్భం అదీ. అందులో హీరో నిజాయతీ గల అటవీ అధికారి. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన మరుసటి ఏడాది, బండీపుర పులుల ప్రాజెక్టులో చేరిన ఏడాది అది. తెలుగులో 1977 నాటి ‘అడవి రాముడు’లో ఎన్.టి. రామారావు పాత్ర కూడా అటవీ అధికారే. ముదుమలై అడవిలో తీసిన ఆ చిత్రం వసూళ్ళ చరిత్ర తెలుగువారికి తెలిసిందే. రెండు చిత్రాల్లోనూ అడవికి శత్రువు కలప దొంగ, రక్షకుడు యూనిఫాం వేసుకున్న ప్రభుత్వోద్యోగి. సమస్య పోరాట దృశ్యంతో తీరిపోతుంది.

2022కు ఆ కథ సరిపోకుండా పోయింది. ఆ ఏడాది సెప్టెంబర్ 30న విడుదలైన ‘కాంతార’లో అటవీ అధికారికి, అడవి అంచు గ్రామస్తులకు మధ్య ఘర్షణే కథకు ఇరుసు. అక్టోబర్ 15న అది తెలుగులోనూ వచ్చింది. రెండు వారాల్లోనే ‘గంధద గుడి’ వచ్చింది. రెండింటికీ సంగీతం అజనీష్ లోక్‌నాథ్‌దే. బెంగళూరులో ఒకే నెలలో, కొన్నిచోట్ల ఒకే మల్టీప్లెక్సులో, కర్ణాటక అడవి గురించి ఒక చిత్రం అక్కడివారి కోపాన్ని, మరో చిత్రం బయటి నుంచి వెళ్ళినవారి అబ్బురాన్ని చూపించాయి. రెంటినీ కలిపి చూస్తేనే బొమ్మ పూర్తవుతుంది.

తెలుగు తారల దారి వేరు

తెలుగు అగ్రనటులకు అడవి మీద శ్రద్ధ లేదనలేం. ప్రభాస్ 2020లో హైదరాబాద్ శివారు ఖాజిపల్లి దగ్గర 1,650 ఎకరాల అటవీ భూమిని దత్తత తీసుకుని 2 కోట్ల రూపాయలు ఇచ్చారు. నాగార్జున 2022లో చెంగిచర్ల దగ్గర 1,080 ఎకరాలకు అలాగే ముందుకొచ్చారు. ఈ డబ్బు కంచెలకు, మొక్కలకు, నగరవాసులు నడిచే పార్కులకు వెళ్తుంది. ఫలితం కంటికి కనిపిస్తుంది, కొలవడానికి వీలుంటుంది. సినిమా చేసే పని అలా కొలతకు అందదు. పునీత్ పద్ధతిలో ఖర్చయ్యేది డబ్బు కంటే ముందు నటుడి ఇమేజ్, దాన్ని పణంగా పెట్టడానికి సిద్ధపడటం కష్టం.

ప్రభావం, పరిమితి

విడుదలైన రోజున కటౌట్లు, హారతులు, తెల్లవారుజాము ఆటలు అన్నీ జరిగాయి. డాక్యుమెంటరీకి ఇలాంటి స్వాగతం భారతదేశంలో బహు అరుదు. నాలుగు రోజుల తర్వాత, 2022 నవంబర్ 1న, విధానసౌధ మెట్ల మీద ఆయనకు మరణానంతరం రాష్ట్ర అత్యున్నత పౌర పురస్కారం కర్ణాటక రత్న ప్రదానం చేసినప్పుడు రజనీకాంత్‌తో పాటు ఎన్టీఆర్ కూడా వేదిక మీద ఉండి కన్నడంలో మాట్లాడారు. 2016లో పునీత్ చిత్రం ‘చక్రవ్యూహ’ కోసం ఎన్టీఆర్ పాట పాడిన స్నేహం వారిది. 2023 మార్చి 17న చిత్రం ప్రైమ్ వీడియోకు వచ్చింది. ముదుమలై ఏనుగుల మీద తీసిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ ఆస్కార్ అందుకుని అప్పటికి వారం కూడా కాలేదు.

అయితే ఆ జనం వచ్చింది పునీత్‌ను చివరిసారి చూసుకోవడానికి. ఇందులో దాచవలసిందేమీ లేదు. అడవి కోసం రాలేదు కాబట్టి, తర్వాతి ప్రకృతి చిత్రానికి అదే థియేటర్ యజమాని అన్ని ఆటలు ఇస్తాడని అనుకోలేం. రెండో పరిమితి స్వరానికి సంబంధించినది. 2023 గణనలో కర్ణాటకలో 6,395 ఏనుగులున్నట్లు తేలింది. హాసన్, కొడగు జిల్లాల కాఫీ తోటల్లో పనివాళ్ళు ఏనుగుల దాడిలో చనిపోవడం దాదాపు మామూలు వార్త అయింది. అబ్బురంతో సాగే ప్రయాణ చిత్రం ఆ బాధను మోయలేదు. దానికి వేరే రూపం, వేరే ఓపిక కావాలి. మూడోది పర్యాటకం. తెర మీద చూసిన చోటికి వెళ్ళాలన్న కోరిక సహజం. ఆగుంబె వంటి చిన్న ఊళ్ళకు వానకాలంలో పాముల ఫొటోల కోసం వచ్చేవారి సంఖ్యను నియంత్రించకపోతే గూళ్ళ దగ్గర అలజడి పెరుగుతుంది. అది సినిమా తప్పు కాకపోయినా, సినిమా ప్రభావంలో భాగమే.

పీఆర్‌కే సంస్థను ఆయన భార్య అశ్విని పునీత్ రాజ్‌కుమార్ కొనసాగిస్తున్నారు. 2023లో కొత్త దర్శకురాలు సింధు శ్రీనివాసమూర్తి ‘ఆచార్ అండ్ కో’ ఆ సంస్థ నుంచే వచ్చింది. తెలుగు వైపు చూస్తే, దేశంలోని అతి పెద్ద పులుల అభయారణ్యాల్లో ఒకటైన నాగార్జునసాగర్ శ్రీశైలం, దాని పక్కనే అమ్రాబాద్ ఉన్నాయి. చెంచుల అటవీ జ్ఞానం ఉంది. కన్నడ కంటే పెద్ద మార్కెట్ ఉంది. ప్రశ్నలు అడగడం అలవాటైన టీవీ వ్యాఖ్యాతలైన హీరోలు ఇద్దరు ముగ్గురున్నారు. అలాంటి చిత్రానికి నటుడి కాల్షీట్లు కొద్ది రోజులు చాలు. మూడు నాలుగేళ్ళ పాటు నల్లమలలో కెమెరా మనుషుల జీతాలు, అనుమతుల ఖర్చు భరిస్తూ వసూళ్ళ గురించి తొందరపడని నిర్మాత ఎవరన్నదే అసలు ప్రశ్న. పునీత్ విషయంలో ఆ నటుడు, ఆ నిర్మాత ఒకే మనిషి.